స్కూటర్ డిస్క్ బ్రేక్ ఆయిల్ ఇంట్లోనే మార్చుకోవడం: మొదటి నుంచి చివరి దాకా

"ఇంజిన్ ఆయిల్ మేమే మార్చుకుంటున్నాం, బ్రేక్ ఆయిల్ కూడా మార్చుకోవచ్చా? మధ్యలో గాలి దూరితే ఎలా?" ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. మార్చుకోవచ్చు. మొదటిసారి గంటన్నర పడుతుంది, అలవాటయ్యాక నలభై నిమిషాలు. బలం అవసరమైన పని కాదు. కానీ వరస తప్పితే బ్రేక్ పనిచేయదు. అందుకే ముందు ఇదంతా ఒకసారి చదివి, తర్వాతే స్పానర్ పట్టుకోండి.

1. ముందు మీ బండి సంగతి చూసుకోండి

ముందు చక్రానికి డిస్క్ ఉన్న స్కూటర్ల కోసమే ఇది రాస్తున్నాను. రెండు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే ఉంటే సాధారణంగా లోపల కేబుల్ తప్ప ఆయిల్ ఉండదు, మార్చడానికేమీ లేదు.

2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో 125 సీసీ దాకా ఉన్న కొత్త బళ్లకి కాంబీ బ్రేక్ గానీ ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) గానీ తప్పనిసరి అయింది. కాంబీ బ్రేక్ ఉన్న డిస్క్ స్కూటర్లలో ఎడమ లివర్ నొక్కితే వెనక డ్రమ్‌తో పాటు ముందు డిస్క్ కూడా కొంత పట్టుకుంటుంది. మీ బండి అలాంటిదైతే పని జరుగుతున్నంతసేపూ కుడి లివరే వాడండి, ఎడమ లివర్ ముట్టుకోవద్దు. పక్కనున్న పిల్లలకీ ఆ మాట చెప్పండి.

ఏబీఎస్ ఉన్న స్కూటర్ మీద మాత్రం ఈ పని నేర్చుకోవద్దు. పొరపాటున ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి వెళ్తే ఇంట్లో తీయడం చాలా కష్టం, సర్వీస్ సెంటర్‌లో ఉండే స్కానర్ అవసరం పడొచ్చు.

2. ఎప్పుడు మార్చాలి

చాలా కంపెనీల మాన్యువల్స్‌లో రెండేళ్లకోసారి అని ఉంటుంది. బండి తిప్పినా తిప్పకపోయినా రెండేళ్లే. ఎందుకంటే ఈ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. నీరు కలిసేకొద్దీ అది మరిగే వేడి తగ్గుతూ వస్తుంది. డాట్ 4 అనే రకం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. ఆయిల్ మరిగితే లోపల ఆవిరి బుడగలు వస్తాయి. ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి లివర్ ఎంత నొక్కినా ఒత్తిడి డిస్క్‌ని పట్టే ప్యాడ్ల దాకా చేరదు.

మాది విశాఖ. నాలుగేళ్లు ఆయిల్ మార్చని స్కూటర్ మీద ఒకసారి సింహాచలం కొండ దిగుతున్నాను, వెనక మా ఆవిడ ఉంది. స్కూటర్‌కి గేర్లు ఉండవు కాబట్టి దిగుడులో భారమంతా బ్రేకుల మీదే. కింది మలుపు దగ్గర కుడి లివర్ మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేసింది. వెనక బ్రేక్‌తో ఎలాగో ఆపి, అరగంట నీడలో నిలబెట్టాక లివర్ మళ్లీ గట్టిపడింది. చల్లబడ్డాక బాగైందని ఊరుకునే విషయం కాదిది. ఆ ఆదివారమే మొదటిసారి నేను ఆయిల్ మార్చడం నేర్చుకున్నాను.

రంగు చూసి కూడా కొంత తెలుస్తుంది. కొత్త ఆయిల్ లేత పసుపులో ఉంటుంది, పాతది టీ డికాషన్ రంగుకి వస్తుంది. అయితే రంగు బాగుందని రెండేళ్లు దాటనివ్వొద్దు, కలిసిన నీరు కంటికి కనిపించదు.

3. ఏ ఆయిల్ కొనాలి, ఎంత కొనాలి

హ్యాండిల్ కుడివైపు ఉన్న చిన్న ఆయిల్ డబ్బా మూత మీదే రాసి ఉంటుంది: డాట్ 3 అనో, డాట్ 4 అనో. అక్కడ ఏది రాసి ఉంటే అదే తీసుకోండి. షాపులో "బ్రేక్ ఆయిల్" అంటే ఇస్తారు, కానీ డాట్ నంబర్ చెప్పి అడగండి.

ఒక్క విషయంలో జాగ్రత్త. డాట్ 5, డాట్ 5.1 ఒకటి కాదు. డాట్ 5 సిలికాన్ ఆయిల్, మిగతావాటితో అసలు కలవదు. మన స్కూటర్లకి దాని అవసరం లేదు.

100 మిల్లీలీటర్ల సీసా చాలు. మొదటిసారి చేస్తుంటే 250 తీసుకోండి, మధ్యలో గాలి దూరితే మళ్లీ మొదలుపెట్టడానికి ఆయిల్ ఉండాలి. సీల్ ఉందో లేదో, తయారీ తేదీ ఏమిటో చూడండి. ఇంట్లో ఏడాది కిందట విప్పి పెట్టిన సీసా ఉందని అదే పోయకండి. అది కూడా తేమ పీల్చుకునే ఉంటుంది.

4. దగ్గర పెట్టుకోవాల్సినవి

- సీల్ తీయని బ్రేక్ ఆయిల్ సీసా
- చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదిలే నిపుల్‌కి సరిపడే రింగ్ స్పానర్ (ఎక్కువ స్కూటర్లకి 8 నంబర్, ముందే పెట్టి చూసుకోండి)
- మూత స్క్రూలకి సరిగ్గా కూర్చునే స్టార్ స్క్రూడ్రైవర్
- చేపల తొట్టెకి గాలి పంపే పారదర్శక పైపు, రెండు అడుగులు
- పాత ఆయిల్ పట్టడానికి చిన్న సీసా
- సూది లేని 10 లేదా 20 మిల్లీలీటర్ల సిరంజి
- నాలుగైదు పాత నూలు గుడ్డలు, ఒక పాలిథిన్ షీట్
- చేతికి గ్లవ్స్, కళ్లద్దాలు
- మగ్గుతో సహా ఒక బకెట్ నీళ్లు
- బ్రేక్ క్లీనర్ స్ప్రే
- లివర్ నొక్కడానికి ఒక మనిషి

నీళ్ల బకెట్ మర్చిపోవద్దు. బ్రేక్ ఆయిల్ పెయింట్‌ని తినేస్తుంది. చుక్క పడిన చోట వెంటనే నీళ్లు పోస్తే బతికిపోతుంది. ఊరికే గుడ్డతో తుడిస్తే ఆయిల్ ఇంకా నాలుగు వైపులా పాకుతుంది. కంట్లో పడితే పావుగంట సేపు ధారగా నీళ్లతో కడిగి డాక్టర్‌కి చూపించుకోండి.

5. బండిని సిద్ధం చేయడం

వాన రోజున పెట్టుకోకండి. బండి తిప్పి తెచ్చిన వెంటనే కూడా వద్దు, కాలిపర్ (డిస్క్ దగ్గర ప్యాడ్లు ఉండే భాగం) కాలుతూ ఉంటుంది. ఆదివారం పొద్దున్న మంచి సమయం: ఏదైనా తేడా వస్తే బండి కదపకుండా సాయంత్రం దాకా ఆగొచ్చు.

చదునైన నేల మీద సెంటర్ స్టాండ్ వేయండి. ఆయిల్ డబ్బా మట్టంగా ఉండేలా హ్యాండిల్ తిప్పండి. డబ్బా కింద, ముందు మడ్‌గార్డ్ మీద షీట్, దాని మీద తడిపి పిండిన గుడ్డ పరవండి. ఇంకో గుడ్డతో డిస్క్‌ని కప్పండి.

ఇప్పుడు బ్రేక్ ప్యాడ్లు చూడండి. అరిగి ఉంటే ముందు అవి మార్చండి, ఆయిల్ ఆ తర్వాతే. కొత్త ప్యాడ్లు వేయాలంటే కాలిపర్ పిస్టన్‌ని లోపలికి నెట్టాలి, అప్పుడు ఆయిల్ పైకి ఎగదన్ని డబ్బాలోకి వస్తుంది. ముందే నిండుగా కొత్త ఆయిల్ పోసి ఉంటే అది పొంగి పెయింట్ మీద పడుతుంది.

6. మూత తీయడం

మూత చుట్టూ ఉన్న మట్టిని తడిగుడ్డతో తుడిచి, ఆరనివ్వండి. ఇసుక రేణువు ఒక్కటి లోపల పడినా మాస్టర్ సిలిండర్ (లివర్ నొక్కితే ఆయిల్‌ని కిందకి నెట్టే భాగం)లోని రబ్బరుని గీకుతుంది.

మొదటిసారి చేసేవాళ్లకి ఎక్కువ తలనొప్పి ఇక్కడే. ఆ రెండు చిన్న స్క్రూలు మెత్తటివి, ఏళ్ల తరబడి కదలక పట్టేసి ఉంటాయి. వదులుగా కూర్చునే స్క్రూడ్రైవర్‌తో తిప్పితే తల గుండ్రంగా అరిగిపోతుంది. స్క్రూడ్రైవర్ నిలువుగా పెట్టి వెనక నుంచి సుత్తితో రెండు చిన్న దెబ్బలు వేయండి, తర్వాత బరువంతా దాని మీద ఆనించి తిప్పండి. తిప్పే బలం కంటే కిందకి నొక్కే బలం ఎక్కువుండాలి. తుప్పు వదిలించే స్ప్రే నేరుగా కొట్టొద్దు, లోపలికి దిగితే రబ్బరు ఉబ్బిపోతుంది. చిన్న పుల్లతో ఒక చుక్క స్క్రూ తల దగ్గర పెట్టి, పది నిమిషాలు ఆగి, మిగిలింది తుడిచేయండి.

మూత కింద ప్లాస్టిక్ పలక, దాని కింద రబ్బరు డయాఫ్రం ఉంటాయి. ఏది ఏ వైపు ఉందో ఫోన్‌తో ఫొటో తీసుకుని, శుభ్రమైన కాగితం మీద వరసగా పెట్టండి. ఇక్కడి నుంచి మూత మళ్లీ బిగించేదాకా కుడి లివర్ ఊరికే నొక్కొద్దు. ఆయిల్ పిచికారీలా ముఖం మీదకి చిమ్ముతుంది.

7. పైన ఉన్న పాత ఆయిల్ తోడేయడం

సిరంజితో పాత ఆయిల్ తోడండి. పూర్తిగా ఎండగట్టొద్దు. అడుగున సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి, అవి ఆయిల్‌లో మునిగే ఉండాలి. అడుగున బురదలా పేరుకుంటే పోగులు ఊడని గుడ్డ కొనతో మెల్లగా తీయండి. తర్వాత పై గీత దాకా కొత్త ఆయిల్ పోయండి.

ఇలా చేయకుండా నేరుగా కింద నుంచి తీస్తే పాత మురికంతా పైపులో ప్రయాణం చేసి కాలిపర్ దాటాలి. ఆయిల్ వృథా, సమయమూ వృథా.

8. నిపుల్ దగ్గర పని

కాలిపర్ మీద రబ్బరు టోపీ ఉన్న చిన్న మొలక లాంటిదే బ్లీడ్ నిపుల్. టోపీ తీసి శుభ్రం చేయండి. ముందు రింగ్ స్పానర్ ఎక్కించండి, ఆ తర్వాతే పైపు తొడగండి. ముందే పైపు తొడిగితే రింగ్ ఎక్కదు. ఓపెన్ స్పానర్ వాడొద్దు, నిపుల్ అంచులు తినేస్తుంది.

పైపుని ముందు కాస్త పైకి లేపి, అక్కడి నుంచి సీసాలోకి వంచండి. సీసా అడుగున రెండు వేళ్ల ఎత్తున కొత్త ఆయిల్ పోసి, పైపు కొన అందులో మునిగి ఉండేలా చూడండి.

ఇప్పుడు ఇద్దరూ మాట్లాడుకోవాల్సిన మాటలు ముందే ఖాయం చేసుకోండి. ఇది చిన్న విషయం అనుకోవద్దు. మొదటిసారి మా అబ్బాయి లివర్ పట్టుకున్నాడు. నిపుల్ వదులు చేస్తున్నానని చెప్పడానికి నేను "వదులు" అన్నాను. వాడికి లివర్ వదలమన్నట్టు వినపడింది, వదిలేశాడు. నిపుల్ తెరిచి ఉండగానే లివర్ వెనక్కి వెళ్లడంతో కింద నుంచి గాలి లాగేసుకుంది. గంట పని మళ్లీ మొదటికొచ్చింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఈ పనిలో "వదులు" అనే మాటే లేదు. మేం వాడే మాటలు ఇవి:

- "నొక్కు": లివర్ నెమ్మదిగా మూడుసార్లు నొక్కి, మూడోసారి నొక్కే పట్టుకోవాలి.
- "పట్టా": లివర్ మనిషి జవాబు. లివర్ పట్టుకునే ఉన్నానని అర్థం.
- "తెరిచా": నిపుల్ పావు చుట్టు తిప్పాను. లివర్ మెత్తగా హ్యాండిల్ వైపు వెళ్లిపోతుంది, దాన్ని అలాగే పట్టుకోవాలి.
- "మూశా": నిపుల్ బిగించాను. ఈ మాట విన్నాకే లివర్ తీయాలి.

ఈ నాలుగు మాటల చక్రమే పనంతా. లివర్ వెనక్కి రాకముందే నిపుల్ మూసి ఉండాలి. ఇది ఒక్కసారి తప్పినా గాలి లోపలికి వెళ్తుంది.

ప్రతి ఐదు చక్రాలకీ ఆగి పైన డబ్బాలో మట్టం చూడండి. సగానికి రాగానే నింపండి. మూతని బిగించకుండా డబ్బా మీద ఊరికే పెట్టి ఉంచితే చిమ్మదు, దుమ్మూ పడదు. మాటల్లో పడి డబ్బా ఖాళీ అయ్యేదాకా చూసుకోకపోతే ఈసారి పై నుంచి గాలి దూరుతుంది, అది తీయడం ఇంకా కష్టం.

మొదట పైపులో ముదురు రంగు ఆయిల్ వస్తుంది, తర్వాత మబ్బుగా, ఆ తర్వాత లేత పసుపులో. మాకు మామూలుగా ఇరవై, ఇరవై అయిదు చక్రాలు పడుతుంది. రంగు మారాక కూడా ఇంకో ఐదు చేయండి, కాలిపర్ మూలల్లో పాత ఆయిల్ దాక్కుని ఉంటుంది.

చివరి చక్రంలో నిపుల్ బిగించి, పైపు తీసి, రబ్బరు టోపీ పెట్టండి. నిపుల్ మధ్యలో బోలుగా ఉంటుంది, బలమంతా పెడితే విరుగుతుంది. చిన్న స్పానర్‌ని మణికట్టుతో బిగించినంత చాలు. టార్క్ రెంచ్ ఉంటే మాన్యువల్‌లోని అంకె పెట్టుకోండి.

9. మూసేయడం, కడగడం

డబ్బాని పై గీత దాకా మాత్రమే నింపండి, అంచు దాకా వద్దు. డయాఫ్రం ముడతలు సాగి ఉంటే వేలితో లోపలికి మడిచి, ఫొటోలో ఉన్న వరసలోనే పలక, మూత పెట్టండి. స్క్రూలు ముందు చేత్తో తిప్పి, తర్వాత రెండూ కొంచెం కొంచెం బిగించండి.

కాలిపర్, చక్రం, డబ్బా చుట్టుపక్కల నీళ్లతో కడగండి. డిస్క్ మీద చుక్క పడితే బ్రేక్ క్లీనర్ కొట్టి శుభ్రమైన గుడ్డతో తుడవండి. ప్యాడ్ల మీద పడిందా, ఆ ప్యాడ్లు మార్చేయండి. ఆయిల్ పీల్చిన ప్యాడ్‌ని ఎంత తుడిచినా నమ్మలేం.

10. లివర్ మెత్తగా ఉందా?

పనయ్యాక లివర్ నొక్కితే కొంత దూరం వెళ్లి రాయిలా ఆగాలి. స్పాంజి నొక్కినట్టుంటే లోపల గాలి ఉంది. కంగారు పడొద్దు, వరసగా ఇవి చేయండి.

మొదట 8లోని చక్రాలు ఇంకో పదిహేను చేయండి. ఆయిల్ పోస్తుంటే కాలిపర్‌ని స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి, అంటుకున్న బుడగలు విడుస్తాయి.

తగ్గకపోతే గాలి పైన మాస్టర్ సిలిండర్ దగ్గర ఉందని అనుమానించండి. సైడ్ స్టాండ్ వేసి హ్యాండిల్ ఎడమకి తిప్పండి, కుడివైపు ఎత్తుకి వస్తుంది. మూత ఊరికే ఆనించి, లివర్‌ని సెంటీమీటరు మాత్రమే, గబగబా ఇరవై ముప్పై సార్లు తట్టండి. డబ్బాలో సన్నటి బుడగలు పైకి వస్తాయి. రావడం ఆగాక మళ్లీ కింద ఐదు చక్రాలు.

అప్పటికీ మెత్తగా ఉంటే మూత బిగించి, లివర్ నొక్కి రబ్బరు బ్యాండుతో హ్యాండిల్‌కి కట్టేసి రాత్రంతా ఉంచండి. ఉదయం విప్పితే చాలాసార్లు గట్టిపడి ఉంటుంది. నాకు రెండుసార్లు పనిచేసింది.

ఒక చిక్కు ఉంది. పైపులో సన్నటి బుడగలు ఎంతకీ ఆగకుండా వస్తుంటాయి, లివర్ మాత్రం గట్టిగానే ఉంటుంది. తెరిచిన నిపుల్ మర చుట్టూ బయటి గాలి పైపులోకి రావడమే దానికి కారణం కావొచ్చు. పైపుని కాదు, లివర్‌ని నమ్మండి.

ఇవన్నీ చేసినా మెత్తగానే ఉంటే సిలిండర్ రబ్బర్లు అరిగి ఉండొచ్చు. బండిని నడపకుండా ఆటో ట్రాలీ మీద మెకానిక్ దగ్గరికి పంపండి. పక్క వీధే కదా అని ఎక్కొద్దు.

11. ఇంకొన్ని ఇబ్బందులు

చక్రం పట్టేసినట్టు తిరుగుతోంది: డబ్బా ఎక్కువ నింపి ఉంటారు. సిరంజితో పై గీత కిందకి తీయండి. అప్పటికీ పట్టేస్తే పిస్టన్ ఇరుక్కుంది, అది వేరే మరమ్మతు.

నిపుల్ కదలడం లేదు: తుప్పు స్ప్రే బయట మర దగ్గర కొద్దిగా వేసి అరగంట ఆగండి. మళ్లీ కదలకపోతే వదిలేయండి. విరిగితే కాలిపర్ ఖర్చు.

కొన్ని వారాలకి మట్టం దిగింది: ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం నెమ్మదిగా దిగడం సహజం. ప్యాడ్లు బాగుండి కూడా దిగితే ఎక్కడో కారుతోంది. ఆయిల్ నింపి ఊరుకోవద్దు, కారే చోటు వెతకండి.

లోపలి భాగాలు పెట్రోల్‌తో కడగొచ్చా అని అడుగుతారు. వద్దు. పెట్రోల్, ఇంజిన్ ఆయిల్, గ్రీజు, ఏవి తగిలినా ఆ రబ్బర్లు ఉబ్బి పాడవుతాయి.

12. రోడ్డెక్కే ముందు

- లివర్ గట్టిగా నొక్కి నిమిషం పట్టుకుంటే మెల్లగా దిగిపోకూడదు
- నిపుల్, పైపు జాయింట్ల దగ్గర పొడి టిష్యూ అద్దితే తడి అంటకూడదు
- ముందు చక్రం లేపి తిప్పితే తేలికగా తిరగాలి
- లివర్ వదిలేసినప్పుడు వెనక బ్రేక్ లైట్ ఆరిపోవాలి
- కాంబీ బ్రేక్ బండైతే ఎడమ లివర్ కూడా నొక్కి చూడాలి

తర్వాత అపార్ట్‌మెంట్ లోపలే, నడక వేగంలో, రెండు కాళ్లూ కిందకి సిద్ధంగా పెట్టి నాలుగైదుసార్లు బ్రేక్ వేయండి. ఆ తర్వాత ఖాళీ రోడ్డు మీద 20, 30 కిలోమీటర్ల వేగంలో. వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దు. ఆ రోజే ఘాట్ రోడ్డుకి వెళ్లొద్దు.

13. పాత ఆయిల్, మిగిలిన ఆయిల్

పాత ఆయిల్‌ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టొద్దు. అది విషం, పిల్లలకి షర్బత్‌లా కనిపిస్తుంది. ఆయిల్ కొన్న సీసాలోనే పోసి, "పాత బ్రేక్ ఆయిల్" అని రాసి, సర్వీస్ సెంటర్‌లో అడిగి ఇవ్వండి. కాలువలో పోయొద్దు, పాత ఇంజిన్ ఆయిల్‌లోనూ కలపొద్దు. విప్పిన సీసాలో కొత్త ఆయిల్ మిగిలితే వచ్చే రెండేళ్లకి దాచకండి, అదే దారిన పంపేయండి.

సీటు కింద తెల్ల టేపు అంటించి తేదీ, డాట్ నంబర్ రాసుకోండి. మూడో రోజు బండి తీసే ముందు నిపుల్ టోపీ తీసి వేలితో తడమండి. తడి తగిలితే స్పానర్‌తో రవ్వంత బిగించి, నీళ్లతో కడిగి, మర్నాడు మళ్లీ చూడండి.